విప్ లేని ఓటు: 1969 నుంచి నేటివరకు ‘అంతరాత్మ ప్రబోధం’

2025 సెప్టెంబర్ 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎన్.డి.ఎ. అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డికి 300 ఓట్లు లభించాయి. ఫలితం గురించి మొదటినుంచీ ఎవరికీ పెద్దగా సందేహం లేదు. అయితే పోలింగుకు ముందు వినిపించిన ఒక మాట తెలుగు పాఠకులకు కొత్తది కాదు. పార్టీలను పక్కనపెట్టి, అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయవలసిందిగా సుదర్శన్‌రెడ్డి పార్లమెంటు సభ్యులకు విజ్ఞప్తి చేశారు. అభ్యర్థి తెలుగువాడన్న సంగతినైనా గుర్తుంచుకోవాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రెండు రాష్ట్రాల పార్టీలను కోరారు. ఆంధ్రప్రదేశ్‌లో బద్ధవైరులైన తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీలు రెండూ ఆ విజ్ఞప్తిని కాదని రాధాకృష్ణన్‌నే బలపరిచాయి. బి.ఆర్.ఎస్. ఓటింగుకు దూరంగా ఉండిపోయింది. మొత్తం 767 మంది ఓటు వేయగా, వాటిలో 15 ఓట్లు చెల్లకుండా పోయాయి.

పార్టీకంటె అభ్యర్థి ముఖ్యమన్న మాట వినడానికి సొంపుగానే ఉంటుంది. ఆ మాట ఎవరంటున్నారు, ఎప్పుడంటున్నారు అన్నది గమనిస్తే మాత్రం ఒక సంగతి తేటతెల్లమవుతుంది. సాధారణంగా సొంత శిబిరంలో ఓట్లు చాలనివారే ఎదుటి శిబిరంలోని అంతరాత్మలను తట్టి లేపుతుంటారు. తమ సభ్యుల అంతరాత్మల విషయంలో మాత్రం వారు ఎంతో జాగ్రత్తగా ఉంటారు. అవసరమైతే పోలింగు రోజు వరకు వారిని ఏ హోటల్లోనో ఉంచి భోజన సదుపాయాలు కూడా చూస్తారు.

ఇన్నేళ్ల రాజకీయాలలో ఈ నినాదం రాష్ట్రపతి ఎన్నిక ఫలితాన్నే తారుమారు చేసిన సందర్భం ఒక్కటే ఉంది. అది 1969 ఆగస్టు నాటి ఎన్నిక. నాడు ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువారే కావడం విశేషం. అందువల్ల మన భాష, మన ప్రాంతం అన్న ప్రశ్నకు అక్కడ తావు లేకపోయింది. మిగిలింది ఒక్కటే ప్రశ్న: పార్టీ నిలబెట్టిన అభ్యర్థికి పార్టీ సభ్యుడు ఓటు వేసి తీరాలా, వద్దా?

ఇద్దరు తెలుగువారు

నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1960లో కాంగ్రెస్ అధ్యక్ష పదవి చేపట్టారు. 1962లో మళ్లీ ముఖ్యమంత్రి అయి, బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల నేపథ్యంలో 1964లో రాజీనామా చేశారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై స్పీకర్ అయ్యారు. స్పీకర్ పీఠం ఎక్కిన తరువాత ఆయన కాంగ్రెస్ పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. సభాధ్యక్షుడు ఏ పార్టీకీ చెందినవాడు కాకూడదన్నది ఆయన వాదం. అలా పార్టీని విడిచిన తొలి స్పీకర్ ఆయనే. రెండేళ్లు తిరిగేసరికి అదే వ్యక్తి, పార్టీ క్రమశిక్షణ పేరిట ఓట్లు అడుగుతున్న అధికార అభ్యర్థి కావడం ఆ ఎన్నికలోని చిత్రాలలో ఒకటి.

రెండవ అభ్యర్థి వరాహగిరి వెంకటగిరి. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో 1894లో తెలుగు కుటుంబంలో జన్మించారు. రైల్వే కార్మికోద్యమంలో పేరు తెచ్చుకున్నారు. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డమీదనే ఓడించారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు. బ్యాంకుల వ్యవహారం ఆయన జీవితంలో మళ్లీ పదిహేనేళ్లకు ఎదురుకావడం కాకతాళీయమే కావచ్చు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆకస్మికంగా మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు.

బెంగళూరులో మొదలైన తగవు

ఎవరు రాష్ట్రపతి కావాలన్న విషయమై కాంగ్రెస్‌లో అభిప్రాయభేదం 1969 జూలైలో బెంగళూరు ఎ.ఐ.సి.సి. సమావేశాలలో బహిరంగమైంది. ఒక వంక ప్రధాని ఇందిరాగాంధీ. మరొక వంక పత్రికలు ‘సిండికేట్’ అని పేరు పెట్టిన పెద్దల బృందం: పార్టీ అధ్యక్షుడు ఎస్. నిజలింగప్ప, కె. కామరాజ్, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్ ప్రభృతులు. పార్లమెంటరీ బోర్డులో ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరును ముందుకు తెచ్చారు. బోర్డు ఆమె మాట తోసిపుచ్చి మెజారిటీతో సంజీవరెడ్డిని ఖరారు చేసింది. ఒక ప్రధానమంత్రి తన పార్టీ బోర్డులోనే ఇలా ఓడిపోవడం మాటలు కాదు.

ఆమె జవాబు రాజకీయంగా కాక ఆర్థికరంగం మీదుగా వచ్చింది. జూలై 16న మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థికశాఖను తప్పించారు. జూలై 19న, రూ. 50 కోట్లకు పైబడి డిపాజిట్లు ఉన్న 14 ప్రైవేటు బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిమీద సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతి గిరి. ఆ మరునాడే ఆయన పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులు రెండూ ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. సంజీవరెడ్డి కూడా స్పీకర్ పదవిని వదులుకున్నారు.

ఇక్కడ పాఠకులు గమనించదగిన విషయం ఒకటి ఉంది. సంజీవరెడ్డి నామినేషన్ పత్రాన్ని ప్రతిపాదించినది సాక్షాత్తూ ఇందిరాగాంధీ. పార్టీ నిర్ణయానికి తలవంచి ఆమె సంతకం చేశారు. ఆ తరువాత కొద్ది వారాలకే ఆ సంతకానికి విరుద్ధంగా ఓటు వేయవచ్చునని తన సభ్యులకు సూచించారు.

అందుకు అవకాశం చేతికి అందించినది సిండికేట్ పెద్దలే. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు, మాజీ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు వరుసగా ప్రాధాన్య సంఖ్యలు ఇస్తాడు. ఎవరికీ సగానికి మించి రాకపోతే చివరి స్థానాలలోని వారిని తొలగిస్తూ, వారి ఓట్లను తదుపరి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి బదలాయిస్తారు. దేశ్‌ముఖ్ ఓటర్ల ద్వితీయ ప్రాధాన్యం సంజీవరెడ్డికి వచ్చేలా చూడాలని నిజలింగప్ప ఆ రెండు పార్టీల నాయకులతో సంప్రదింపులు జరిపారు. లెక్కల ప్రకారం అది తెలివైన ఎత్తుగడే. కాని పార్టీ విధేయత గురించి ఉపన్యసిస్తున్నవారు సిద్ధాంత శత్రువులతో మంతనాలు జరపడం ఏమిటని జగ్జీవన్‌రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ బహిరంగంగా నిలదీశారు. సభ్యులకు స్వేచ్ఛ ఇవ్వాలని డిమాండ్ చేశారు. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ నాయకురాలిగా విప్ జారీ చేయవలసిందని నిజలింగప్ప కోరగా ఇందిరాగాంధీ నిరాకరించారు. పోలింగు దగ్గరపడిన వేళ ‘అంతరాత్మ ప్రబోధం’ అన్న మాటను దేశమంతటా మారుమోగించారు. వామపక్షాలు, డి.ఎం.కె., అకాలీదళ్ వంటి పార్టీలు అప్పటికే గిరి పక్షాన ఉన్నాయి.

ఆగస్టు 16న పోలింగు జరిగింది. మొత్తం 15 మంది అభ్యర్థులు. ఆగస్టు 20న లెక్కింపు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మిగిలిన 12 మందికీ కలిపి వచ్చినది 8,505 మాత్రమే. తొలి లెక్కింపులో ఎవరూ గట్టెక్కలేదు. స్వతంత్ర భారతంలో రాష్ట్రపతి ఎన్నిక ద్వితీయ ప్రాధాన్య ఓట్లదాకా వెళ్లడం అదే మొదటిసారి.

బదలాయింపు మొదలైన తరువాత అంకెలు ఉత్కంఠభరితంగా మారాయి. సంజీవరెడ్డికి అదనంగా 91,879 ఓట్లు వచ్చిపడ్డాయి. గిరికి దక్కినవి 18,562. అయినా అవే చాలాయి. తుది లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. నాడు ఒక ఎంపీ ఓటు విలువ 576. అంటే 13 మంది పార్లమెంటు సభ్యులు అటునుంచి ఇటు మొగ్గి ఉంటే రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టేవారు మారిపోయేవారు. ఇంతవరకు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి రాష్ట్రపతి అయినవారు గిరి ఒక్కరే.

ఆ అంతరాత్మల ఫలితం

ఓటు వేసిన కాంగ్రెస్ సభ్యులలో ఎందరు నిజంగా తమ మనస్సాక్షిని సంప్రదించారు, ఎందరు గాలివాటు చూసుకున్నారు అన్నది తేల్చడం ఎవరి తరమూ కాదు. రహస్య ఓటింగు లక్షణమే అది. అయితే ఆ ఓట్లు కేవలం వ్యక్తి ఎంపికతో ఆగిపోలేదన్నది మాత్రం చరిత్ర. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని కొట్టివేయగా, నాలుగు రోజులకే కొత్త ఆర్డినెన్సు వచ్చింది. సంతకం రాష్ట్రపతి గిరిదే. అదే ఏడాది సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోయినప్పుడు, రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఆ పని జరిపించారు. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టివేసింది. సంజీవరెడ్డి ఆ పీఠంమీద ఉండి ఉంటే ఈ కాగితాలు ఇంత సులువుగా కదిలేవా అన్న ప్రశ్నకు ఎవరికి తోచిన జవాబు వారిది. అందుకే బ్యాంకు సొమ్ముకు, అంతరాత్మకు సంబంధం లేదనుకోవడం పొరపాటు.

పార్టీ కూడా మిగలలేదు. 1969 నవంబరు 12న ఇందిరాగాంధీని కాంగ్రెస్ నుంచి బహిష్కరించారు. శతాబ్దపు తీరానికి చేరుకుంటున్న సంస్థ రెండు ముక్కలైంది. 1971 ఎన్నికలలో ఆమె వర్గానికి 352 స్థానాలు వచ్చాయి. గమనార్హమైన సంగతి ఏమంటే, అంతరాత్మ ప్రబోధంతో అధికార పీఠాన్ని పదిలపరచుకున్న ఆ నాయకత్వమే తరువాతి సంవత్సరాలలో అసమ్మతి అన్న మాటను సహించని కట్టుదిట్టమైన పార్టీని నిర్మించింది.

ఎన్నికపై పిటిషన్లు కూడా దాఖలయ్యాయి. సంజీవరెడ్డిపై బురదచల్లే అజ్ఞాత కరపత్రమొకటి పార్లమెంటు సభ్యులకు అందిందన్నది ముఖ్య ఆరోపణ. గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా సాక్షిగా హాజరు కావడం అపూర్వం. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఇక సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి జనతాపార్టీ తరఫున లోక్‌సభకు వచ్చారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో జనతాకు దక్కినది అదొక్కటే. మళ్లీ స్పీకరై, కొద్ది నెలలకే రాష్ట్రపతి పదవికి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఎనిమిదేళ్ల కిందట 13 మంది ఎంపీల తేడాతో చేజారిన పదవి పోటీయే లేకుండా నడచి వచ్చింది.

బిగిసిన ముడి

1985లో రాజీవ్‌గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక నిబంధనలను పదవ షెడ్యూలుగా చేర్చింది. సభలో పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా, గైర్హాజరైనా సభ్యత్వం పోతుంది. డబ్బు సంచులతో ప్రభుత్వాలను కూల్చే వ్యాపారానికి అడ్డుకట్ట వేయడం ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని కాదనలేము. అయితే ఆ చట్టం వచ్చాక సభలో సభ్యుని విచక్షణకు మిగిలిన చోటు బహు స్వల్పం.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు ఆ షెడ్యూలు పరిధిలోకి రావు. అవి సభలో జరిగే ఓటింగు కావు గనుక పార్టీలు విప్ జారీచేయడానికి వీలులేదు. ఓటు రహస్యం. కాబట్టి 2007లో ఎన్.డి.ఎ. భాగస్వామి అయిన శివసేన, భైరాన్‌సింగ్ షెకావత్‌ను కాదని, మహారాష్ట్ర ఆడపడుచన్న కారణం చూపి ప్రతిభా పాటిల్‌కు ఓటు వేయగలిగింది. 2012లో శివసేన, జనతాదళ్ (యు) ప్రణబ్ ముఖర్జీని సమర్థించాయి. 2017లో అదే జనతాదళ్ (యు) బీహారులో కాంగ్రెస్‌తో కలిసి అధికారంలో ఉంటూ, బీహారు ఆడబిడ్డ మీరాకుమార్‌ను విడిచి, బీహారు గవర్నరుగా పనిచేసిన రామ్‌నాథ్ కోవింద్‌కు ఓటు వేసింది. పార్టీలు కూటమిని ధిక్కరించడం, సభ్యుడు పార్టీని ధిక్కరించడం ఒకటి కావన్నది ఈ ఉదాహరణలలో మరచిపోరాదు. మొదటిది నాయకుని నిర్ణయం. రెండవది ఒంటరి మనిషి నిర్ణయం.

రాజ్యసభ విషయం వేరు. శాసనసభ్యులు ఓట్లు అమ్ముకుంటున్నారన్న అపవాదు ముదరడంతో 2003లో చట్టాన్ని సవరించి బహిరంగ ఓటింగును ప్రవేశపెట్టారు. శాసనసభ్యుడు తన ఓటును పార్టీ ప్రతినిధికి చూపించి మరీ పెట్టెలో వేయాలి. 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. చూపించి వేసినంత మాత్రాన ధిక్కారం ఆగిపోయిందా అంటే అదీ లేదు. 2024 ఫిబ్రవరి 27న హిమాచల్‌ప్రదేశ్‌లో ఆరుగురు కాంగ్రెస్ శాసనసభ్యులు బాహాటంగా బి.జె.పి. అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు ఓటు వేశారు. ఆయనకు 34, కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీకి 34 రాగా, చీటీ తీసి మహాజన్ గెలిచినట్లు ప్రకటించారు. ఆ ఆరుగురి సభ్యత్వం పోయింది. రాజ్యసభ ఓటుకు కాదు, తరువాత బడ్జెట్ సమయంలో విప్‌ను ధిక్కరించినందుకు. ఉప ఎన్నికలలో ఆరు స్థానాలకు నాలుగింటిని కాంగ్రెస్ తిరిగి గెలుచుకుంది. తమ ప్రతినిధుల అంతరాత్మ గురించి ఆ నాలుగు నియోజకవర్గాల ఓటర్లు ఏమనుకున్నారో ఆ ఫలితమే చెబుతున్నది.

మన రాష్ట్రానికి వస్తే, శాసనసభ్యుల కోటా నుంచి శాసనమండలికి జరిగే ఎన్నిక ఇప్పటికీ రహస్య ఓటింగే. 2023 మార్చి 23న ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం చేతిలో నికరంగా 19 మంది సభ్యులే ఉన్నా, ఆ పార్టీ అభ్యర్థి పంచుమర్తి అనూరాధకు 23 ఓట్లు పడ్డాయి. అధికారంలో ఉన్న వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ మరునాడే తన శాసనసభ్యులు నలుగురిని సస్పెండ్ చేసింది. ఒకరిది అంతరాత్మ, మరొకరికది వెన్నుపోటు. తెలుగు రాజకీయాలలో ఈ రెండు మాటల నడుమ దూరం ఎప్పుడూ తక్కువే.

నంద్యాల నాటి సంగతి

పార్టీని పక్కనపెట్టడంలో ఇలాంటి చాటుమాటు లేని ఉదాహరణ కూడా తెలుగునాట ఉన్నది. 1991 జూన్‌లో ప్రధాని పదవి చేపట్టిన పి.వి. నరసింహారావు అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో పోటీ చేశారు. తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడన్న కారణంతో తెలుగుదేశం అధినేత ఎన్.టి. రామారావు అక్కడ అభ్యర్థిని నిలబెట్టలేదు. కాంగ్రెస్‌ను వ్యతిరేకించడమే పుట్టుకకు కారణమైన పార్టీ తీసుకున్న నిర్ణయమది. బి.జె.పి. మాత్రం బంగారు లక్ష్మణ్‌ను పోటీకి దింపింది. పి.వి. 5 లక్షల 80 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. బహిరంగంగా చెప్పి, కారణం చెప్పి, ప్రతిఫలం అడగకుండా చేసిన పని గనుకనే ఇంతకాలానికీ దానిని గుర్తుచేసుకుంటున్నారు. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలో నంద్యాల ప్రస్తావన ఊరికే రాలేదు.

ఇరుగు పొరుగు

పొరుగు దేశాల అనుభవమూ పరిశీలించదగినదే. బంగ్లాదేశ్ 1972 రాజ్యాంగంలోని 70వ అధికరణ పార్టీకి వ్యతిరేకంగా పార్లమెంటులో ఓటు వేసిన సభ్యుని స్థానాన్ని రద్దు చేసింది. మన పదవ షెడ్యూలుకంటె అది పదమూడేళ్లు పెద్దది. పాకిస్తాన్‌లో 63-ఎ అధికరణపై 2022 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసి, పార్టీ ఆదేశాన్ని మీరి వేసిన ఓటును అసలు లెక్కించనే కూడదన్నది. 2024 అక్టోబరులో అదే కోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. శ్రీలంకలో ఆర్థిక సంక్షోభం ముదిరి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లాక, 2022 జూలై 20న పార్లమెంటు సభ్యులు రహస్య ఓటింగు ద్వారా కొత్త అధ్యక్షుని ఎన్నుకున్నారు. రణిల్ విక్రమసింఘె పార్టీకి సభలో ఉన్నది ఒక్కటే స్థానం. అది ఆయనదే. ఆయనకు వచ్చిన ఓట్లు 134. రాజపక్సల పార్టీ సభ్యులే అత్యధికంగా ఆయనను గెలిపించారు.

సామాన్య ఓటరు మాటేమిటి?

ఇంతవరకు చెప్పినదంతా ప్రజాప్రతినిధుల గురించి. వారికి విప్ ఉంది, పార్టీ టికెట్టు ఉంది, రేపటి పదవి ఉంది. సామాన్య ఓటరుకు ఇవేవీ లేవు. చట్టరీత్యా ఈ దేశంలో పార్టీని పక్కనపెట్టే పూర్తి స్వేచ్ఛ ఉన్నది అతనికొక్కనికే. ఓటింగు యంత్రం మీద పార్టీ పేరు ఉండదు. అభ్యర్థి పేరు, గుర్తు, 2015 నుంచి ఫొటో ఉంటున్నాయి. 2002, 2003 సంవత్సరాలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల కారణంగా ప్రతి అభ్యర్థీ తనపై గల క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు ప్రమాణపత్రంలో వెల్లడించక తప్పదు. ఎవరూ నచ్చకపోతే నొక్కడానికి 2013 నుంచి ‘నోటా’ మీట కూడా వచ్చింది. అభ్యర్థిని చూసి ఓటు వేయదలచినవారికి ఇంతకుముందెన్నడూ లేనంత సమాచారం అందుబాటులో ఉంది.

అయితే ఓటర్లు గుర్తును చూసే మీట నొక్కుతున్నారని ఫలితాలు చెబుతున్నాయి. 1957లో లోక్‌సభకు 42 మంది స్వతంత్రులు గెలిచి వచ్చారు. 2024లో వచ్చినవారు ఏడుగురు. దీనిని ఓటరు అజ్ఞానమని కొట్టివేయడం సరికాదు. ఎంత యోగ్యుడైన అభ్యర్థి అయినా సభలో అడుగుపెట్టాక విప్ చెప్పినట్లే చెయ్యెత్తవలసి ఉన్నప్పుడు, అభ్యర్థినికాక విప్ జారీచేసేవారిని చూసి ఓటు వేయడం ఒక రకంగా ఇంగితజ్ఞానమే. పదవ షెడ్యూలు శాసనసభ్యుని చేతులు కట్టివేయడమే కాదు, అభ్యర్థిని తూచి చూసే పని ఓటరుకు దండగ అనిపించేలా కూడా చేసింది. ఈ రెండవ ఫలితం గురించి చట్టం చేసినవారు ఆలోచించినట్లు కనిపించదు.

అయినా ఓటరు గుడ్డిగా పార్టీకి బానిస అయిన దాఖలాలు కూడా తక్కువే. కర్ణాటక ఓటర్లు 1984 డిసెంబరులో లోక్‌సభకు 28 స్థానాలలో 24 కాంగ్రెస్‌కు కట్టబెట్టారు. నైతిక బాధ్యత వహించి రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం రాజీనామా చేసి తాజా తీర్పు కోరింది. 1985 మార్చిలో అదే ఓటర్లు 224 శాసనసభ స్థానాలలో 139 హెగ్డే నాయకత్వంలోని జనతాపార్టీకి ఇచ్చారు. మూడు నెలలలో వారి పార్టీ మారలేదు, ప్రశ్న మారింది. ఢిల్లీకి ఎవరు, బెంగళూరుకు ఎవరు అన్న రెండు ప్రశ్నలకు రెండు జవాబులు చెప్పారు. 2019లో ఒడిశా ఓటర్లు ఒకే రోజు, ఒకే పోలింగు కేంద్రంలో, రెండు యంత్రాలమీద రెండు రకాలుగా ఓటు వేసినవారు చాలామంది ఉన్నారు. శాసనసభలో బిజూ జనతాదళ్‌కు 112 స్థానాలు ఇచ్చి, 21 లోక్‌సభ స్థానాలలో ఎనిమిదింటిని బి.జె.పి.కి అప్పగించారు.

అన్నిటికంటె కింది మెట్టున, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీరహితంగానే జరుగుతాయి. సర్పంచి అభ్యర్థికి పార్టీ గుర్తు ఉండదు. పోలింగు ముగిసిన రాత్రే గెలిచినవారిలో తమవారు ఇందరని పార్టీలన్నీ జాబితాలు విడుదల చేయడం, వాటన్నిటినీ కూడితే మొత్తం పంచాయతీలకంటె ఎక్కువ తేలడం పత్రికా కార్యాలయాలలో పనిచేసేవారికి అలవాటైన వినోదం. అయినప్పటికీ రోడ్డు, నీళ్లు, వీధిదీపం అడగడానికి రేపు ఎవరి గడప తొక్కాలో తెలిసిన ఓటరు, ఆ గడపను చూసే ఓటు వేస్తాడు. అక్కడ విప్ లేదు, అధిష్ఠానం లేదు. గెలిచినవాడు ఊళ్లోనే ఉంటాడు.

ప్రజాప్రతినిధికి ఆ పాటి రహస్యం, ఆ పాటి స్వేచ్ఛ మిగిలిన కొద్ది సందర్భాలలో రాష్ట్రపతి ఎన్నిక ఒకటి. 2022 జూలైలో ద్రౌపది ముర్ము 6,76,803 ఓట్ల విలువతో గెలిచారు. యశ్వంత్ సిన్హాకు 3,80,177 వచ్చాయి. అధికార, ప్రతిపక్షాలు రెండూ ముర్మును బలపరచిన ఆంధ్రప్రదేశ్‌లో సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. కేరళలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. అక్కడి 140 మంది శాసనసభ్యులలో బి.జె.పి.వారు ఒక్కరూ లేరు. పాలక, ప్రతిపక్ష కూటములు రెండూ సిన్హా పక్షమే. లెక్కింపులో సిన్హాకు 139 ఓట్లు, ముర్ముకు ఒక ఓటు తేలాయి. ఆ ఒక్కరెవరని రెండు కూటములూ ఆరా తీశాయి. ఓటు వేసినవారి పేరు బయటికి రాలేదు.